మూడు వందల ఎనభై గజాలు

చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను ఎవరు తిట్టినా దున్నపోతుతోనే మొదలుపెట్టేవాళ్ళు. పొద్దెక్కేదాకా పడుకుంటే దున్నపోతు, తిన్న కంచం తీయకపోతే దున్నపోతు. అలాంటి జంతువుని చంపడానికి మనుషులు దేశదేశాల నుంచి విమానాల్లో దిగుతారని, దాని తల గోడకి తగిలించుకుంటారని, దాన్ని ‘బిగ్ గేమ్’ అంటారని ఆస్ట్రేలియాలోని డార్విన్ వెళ్ళేదాకా నాకు తెలియదు. తెలిసిన రోజు పడీపడీ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే చిరాకేస్తుంది.

నేను డార్విన్ వెళ్ళింది రెండంకెల సంవత్సరాలని నాలుగంకెలు చేయడానికి. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పెద్దపెద్దవాళ్ళు భయపడుతున్న రోజులవి. వాళ్ళ భయమే మాకు కూడు పెట్టింది. ఒక ప్రభుత్వ ఆఫీసులో ఎవరో ముసలాయన నేను పుట్టకముందు రాసిన ప్రోగ్రాముల్ని వరసకు వరస చదివి, ఎక్కడ సంవత్సరం కనపడితే అక్కడ సరిచేయడమే పని. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఏ లెక్కయినా నాకు వదిలేయండి, నేను చూసుకుంటాను అనే రకం. ఆ రోజుల్లో మాలో సగం మంది అదే రకం.

ఆయన పరిచయమైంది పోస్టాఫీసు ముందున్న టెలిఫోను దగ్గర. ఫోన్‌కార్డు గీకి అమ్మతో అరుస్తూ మాట్లాడుతున్నాను. పెట్టేసి వెనక్కి తిరిగితే బస్సు డ్రైవరు యూనిఫాంలో ఒక పెద్దాయన నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

“మీదే ఊరు బాబూ?” అన్నాడు.

గుంటూరు జిల్లా అన్నాను. మీదే ఊరంకుల్ అంటే, ఫిజీ అన్నాడు. ఆయన ముత్తాతని విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడలో తీసుకుపోయారట. అక్కడ సైన్యం గద్దెనెక్కాక ఈయన భార్యతో ఇక్కడికి వచ్చేశాడు. నేను కలిసేనాటికి ఆవిడ పోయి నాలుగేళ్ళు. తెలుగు చదవడం రాదు, మాట్లాడటం మాత్రం వచ్చు. వందేళ్ళ కిందట ఓడెక్కిన మాట అలాగే మిగిలిపోయింది, మధ్యమధ్య హిందీ, ఇంగ్లీషు వచ్చి చేరాయి. “అంకులేటి? మామా అను,” అన్నాడు. ఆ రోజు నుంచి మామే.

ఆదివారాలు ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళేవాణ్ణి. అప్పుడే తెలిసింది ఆయన వేటగాడని. ఫిజీలో కుక్కల్ని పెట్టి అడవిపందుల్ని కొట్టేవాడు. ఇక్కడికొచ్చాక ఏడాదికొక్క దున్నపోతు. ఎప్పుడో ఎవరో పెంచుకోవడానికి తెచ్చి వదిలేసిన మన గేదెలే ఇక్కడి బయళ్ళలో పడి వేలకి వేలయ్యాయి. తెలిసిన పశువుల ఆసామి ఒకతను తన భూమిలోకి రానిచ్చేవాడు. మాంసం నలుగురికీ పంచి, తనకు కాస్త ఉంచుకునేవాడు. “ఆవు కాదు కదా,” అనేవాడు, ఎవరూ అడక్కుండానే.

ఆయన పద్ధతి ఆయనకుంది. పాకుతూ, ఆగుతూ, గాలికి ఎదురుగా వంద గజాల లోపలికి వెళ్ళాలి. దాని కన్ను కనపడాలి. ఒక్క గుండు, గుండెలో. అది పడిపోవాలి, పడటం మన కళ్ళతో చూడాలి. దెబ్బ తిని పారిపోతే దొరికేదాకా ఇంటికి రాకూడదు. ముప్పయ్యేళ్ళ వేటలో దెబ్బతిన్న జంతువుని ఒక్కదాన్ని కూడా అడవిలో వదిలి రాలేదని ఆయన చెప్పాడు. గొప్పకి చెప్పలేదు. పన్ను బకాయి లేదని చెప్పినట్టు మామూలుగా చెప్పాడు.

ఆ ఏటి వేట ఆయనకి చివరిది. కుడి చేయి వణకడం మొదలైంది. టీ కప్పు సాసరు మీద పెట్టేటప్పుడు టకటకమనేది. డాక్టరు దానికొక పేరు చెప్పాడు, ఇంకా ఎక్కువవుతుందనీ చెప్పాడు. తుపాకీ లైసెన్సు డిసెంబరుతో అయిపోతుంది. మళ్ళీ అడగనని ఆయనే నిర్ణయించుకున్నాడు. “ఈ ఒక్కటీ శుభ్రంగా పోవాలి. అంతే. తరవాత బందూకు ఇచ్చేత్తాను,” అన్నాడు. ఆయన కోరింది అంతకన్నా ఏమీ లేదు.

చేయి సంగతి సరే, మోకాళ్ళు కూడా పాడయ్యాయి. పదేళ్ళ పైన బస్సు క్లచ్చి తొక్కిన మోకాళ్ళు. పాకలేడు, వంగి నడవలేడు. అంతకు ముందు ఏడు వెళ్ళి, దగ్గరికి చేరలేక, ఒక్క గుండూ పేల్చకుండా తిరిగొచ్చాడట. ఈ మాట విన్న రోజే నేను ఆయన వేటలో వేలు పెట్టాను.

నాకు తుపాకీ పట్టుకోవడం రాదు. లైసెన్సు లేదు. కానీ తుపాకీ పట్టనివాడికి తెలిసినన్ని తుపాకీ సంగతులు ఇంకెవరికీ తెలియవు. ఆఫీసులో పని అయిపోయాక ఇంటర్నెట్ ఉండేది. ఎక్కడెక్కడి మగవాళ్ళో ఒక తూటా గొప్పదా ఇంకో తూటా గొప్పదా అని నెలల తరబడి కొట్టుకుంటుంటే అవన్నీ కూర్చుని చదివాను. మాగ్నమ్ అంటే ఏమిటో ఆయనకి నేను పాఠం చెప్పాను. ఇత్తడి గొట్టం పెద్దది, అందులో మందు ఎక్కువ, కొసన గుండు సన్నం. వేగం విపరీతం. వేగం ఎక్కువైతే గుండు కిందికి జారేది తక్కువ, దారి తిన్నగా ఉంటుంది. కాబట్టి దగ్గరికి పాకనక్కర్లేదు. నాలుగు వందల గజాల నుంచైనా ఇసక మూట మీద తుపాకీ ఆనించి నింపాదిగా కొట్టొచ్చు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “అంత దూరానికి దాని కన్ను కనపడదు. గుండు ఎల్లేలోపల అదొక అడుగేత్తే?”

“అర సెకనే మామా. మేస్తున్నప్పుడు కొడితే కదలదు. దగ్గరికి వెళ్తే దానికి వాసన తగిలి భయపడుతుంది. దూరం నుంచైతే ఏం జరిగిందో తెలియకుండానే పోతుంది. ఇప్పుడంతా దీన్నే ఎథికల్ అంటున్నారు.”

“అంటే ఏటి?”

తెలుగు మాట వెతుక్కుని, “ధర్మంగా,” అన్నాను.

“దూరం నుంచి కొట్టడం ధర్మమా?”

“లెక్క సరిగ్గా ఉంటే ధర్మమే మామా. లెక్క నాకు వదిలేయండి.”

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు మూడు ఆదివారాలు పట్టింది. వేరే దారి లేకే ఒప్పుకున్నాడని నాకప్పుడూ తెలుసు. అయినా గెలిచినట్టే సంబరపడ్డాను. బరువైన గుండు వేసే తన పాత రైఫిల్‌ని తుపాకుల దుకాణంలో ఇచ్చేసి, మాగ్నమ్ ఒకటి తీసుకున్నాడు. పాతదాన్ని కౌంటరు మీద పెట్టాక ఒకసారి చేత్తో తడిమి, ఇంక దాని వైపు చూడలేదు.

తూటాల పెట్టె మీద గుండు ఎంత దూరానికి ఎంత కిందికి జారుతుందో అచ్చు వేసి ఉంటుంది, నూరు గజాలకొక అంకె చొప్పున. ఆ మధ్య దూరాలకి నేను ప్రోగ్రాము రాసి, పది గజాలకొక వరస చొప్పున పట్టిక తయారుచేశాను. గాలికి వేరే గడి, ఎండ వేడికి వేరే గడి. “గజాలేనా ఇవి? మీటర్లు నా బుర్రకెక్కవు,” అని అడిగాడు. గజాలే మామా అన్నాను. నిజంగానే గజాలే. ఆఫీసు మిషన్లో దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, తుపాకీ మడమ మీద టేపుతో అంటించాను. దూరం కొలవడానికి కంటికి పెట్టుకుని మీట నొక్కే యంత్రం కూడా తెప్పించాను. లేజరు పోయి తగిలి వెనక్కొస్తుంది, అంకె కనపడుతుంది.

క్లబ్బు వాళ్ళ షూటింగ్ రేంజిలో సాధన చేశాం. అక్కడ బోర్డులన్నీ మీటర్లలో ఉన్నాయి. యంత్రం సరిగ్గా చూపిస్తోందో లేదో బోర్డులతో పోల్చుకోవడానికి దాన్ని మీటర్లలోకి మార్చాను. రెండు వందల దగ్గర మామ మూడు గుళ్ళు పేలిస్తే మూడూ అరచేయంత చోటులో పడ్డాయి. పడుకుని ఇసక మూట మీద తుపాకీ ఆనించగానే ఆ వణుకు ఎటు పోయేదో తెలిసేది కాదు. లేచి కూర్చుని తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. అంత సంతోషంగా ఆయన్ని మళ్ళీ చూడలేదు.

రెండు వందలు దాటి కొట్టడానికి ఆ రేంజిలో చోటు లేదు. ఆఫీసులో పరీక్ష చేయని ప్రోగ్రాముని నడిపిస్తే మా మేనేజరు పీక కోసేవాడు. ప్రాణం తీసే లెక్కని మాత్రం పరీక్ష లేకుండానే అడవికి పంపాను. ఆయన ఒకసారి, “ఇంకా దూరానికి ఎక్కడైనా కొట్టి సూద్దామా?” అన్నాడు. అక్కర్లేదు మామా, లెక్క లెక్కే అన్నాను.

సెప్టెంబరులో వెళ్ళాం. వానలు పడటానికి ఇంకా రెండు నెలలుంది. దారిపొడుగునా కాల్చిన గడ్డి వాసన. ఆ ఆసామి భూమి చివర పెద్ద బయలు, వానాకాలంలో మొత్తం నీళ్ళే ఉంటాయట. అప్పుడు ఒక పక్కన మాత్రం నీళ్ళూ తుంగా మిగిలి ఉన్నాయి. నీళ్ళలో మొసళ్ళుంటాయని, ఒడ్డుకి పదడుగులు ఎడంగా నడవమని మామ చెప్పాడు. మొదటి రోజు దూరంగా ఒక ఆడ మందని చూసి వదిలేశాం. దూడలున్నాయి.

రెండో రోజు పొద్దున్న ఒంటరి దున్నపోతు కనపడింది. ముసలిది, ఒక కొమ్ము కొస విరిగి ఉంది. తుంగ అంచున నిలబడి, మాకు ఎడమ వైపుకి తల పెట్టి మేస్తోంది. గడ్డి దాని పొట్టదాకా ఉంది. బైనాక్యులర్స్‌లో చూస్తే అచ్చం మా వీధి చివర పాలు పోసే వాళ్ళింటి దొడ్లో ఉండే జంతువే. చెవులు అలాగే ఆడిస్తోంది.

“ఇంకో నూరు గజాలు ముందుకి ఎల్దాం,” అన్నాడు మామ. మధ్యలో చెట్టూ లేదు, గుట్టా లేదు. పాకాలి. ఆయన మోకాళ్ళ వైపు చూసి, “అక్కర్లేదు మామా. ఇక్కడి నుంచే అవుతుంది,” అన్నాను.

ఆయన పడుకుని మూట సర్దుకున్నాడు. జంతువు పక్కనే మనిషి ఎత్తు చెదపుట్ట ఉంది. నేను యంత్రాన్ని దాని మీదికి పెట్టి మీట నొక్కాను. మూడు వందల ఎనభై.

“ఎన్ని గజాలు?”

“మూడు వందల ఎనభై గజాలు.”

“కచ్చితంగా?”

“కచ్చితంగా మామా.”

పట్టిక మీద వేలు పెట్టి వరస చూసుకున్నాడు. ఊపిరి వదిలాడు. ఆయన చేయి రాయిలా ఉంది, నేను చూశాను. ఈ మాట ఎవరి ముందైనా చెప్పగలను, చెప్పాల్సిన రోజున మాత్రం చెప్పలేదు.

తుపాకీ పేలింది. దున్నపోతు ఒక్కసారి కుంగి, లేచి, తుంగలోకి దూరిపోయింది. రెండోసారి పేల్చడానికి ఏమీ కనపడలేదు. గడ్డి కదిలిన చోట కాసేపు గడ్డి ఊగుతూ ఉండి ఆగిపోయింది.

“ఎక్కడ తగిలింది?” అన్నాడు.

“తెలీలేదు మామా. గడ్డి అడ్డం. కుంగింది, అంతే.”

ఆయన తుపాకీ పక్కన పెట్టి తన కుడి చేతిని చూసుకున్నాడు. అప్పుడది వణుకుతోంది. “లాగేసింది,” అన్నాడు. “సెయ్యి కుడికి లాగేసింది. పొట్టలో పడ్డాది.” తల ఎడమకి పెట్టిన జంతువుకి గుండు కుడికి జరిగితే గుండె తప్పి కడుపులో పడుతుంది, అదీ ఆయన లెక్క. పొట్టలో దెబ్బ తిన్నదాన్ని వెంటనే తరమకూడదట, తరిమితే మైళ్ళు పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుని, మహా అయితే రాత్రికి ప్రాణం వదులుతుంది. అందుకని గంట పైన అక్కడే కూర్చున్నాం. ఆ గంటలో ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నన్ను తప్పుపట్టి కాదు, సిగ్గుపడి.

తరవాత వెతికాం. రక్తం అక్కడక్కడ చుక్కలుగా ఉంది, తుంగలోకి వెళ్ళాక అదీ లేదు. ఆ మోకాళ్ళతోనే సాయంత్రం దాకా తుంగ అంచు వెంట నడిచాడు. నీళ్ళ ఒడ్డున బురదలో మొసలి జారిన గాడి చూసి నేను ఆగిపోతే, ఆయన ఇంకా కొంత దూరం వెళ్ళి, నేను కేకలు వేస్తే వెనక్కొచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా మళ్ళీ వెతికాం. ఆకాశంలో గద్దలు తిరుగుతున్నాయేమోనని చూశాడు. ఎక్కడా లేవు. “రాత్రికి పోయుంటాది. మొసలి లాక్కుపోయుంటాది,” అన్నాడు. దారిలో కూడా రెండు మూడుసార్లు అదే మాట. ఆ మాట పట్టుకునే ఆయన ఇంటికి రాగలిగాడు. ఊరు దగ్గరికొచ్చాక మాత్రం, “ముప్పయ్యేళ్ళు,” అని ఊరుకున్నాడు.

ఆ మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి, యంత్రంలో బ్యాటరీ తీసేద్దామని చేతిలోకి తీసుకున్నాను. కంటికి పెట్టుకుని ఊరికే ఎదురింటి గోడ మీదికి మీట నొక్కాను. అంకె పక్కన మూల చిన్న అక్షరం ఉంది. ఎం. మీటర్లు.

రేంజిలో మార్చి, మళ్ళీ గజాల్లోకి మార్చడం మరిచిపోయాను. అంతవరకు అది మరుపు. కానీ అంకె చూసి నా నోటితో గజాలని చెప్పాను, అది మరుపు కాదు. మా నాన్నకి బట్టల కొట్టుండేది. అక్కడ బట్ట కొలిచే ఇనప కడ్డీ మీద ప్రభుత్వం ముద్ర వేసిన మీటరు, కానీ దాన్ని మా నాన్న గజంబద్ద అనేవాడు, గుమాస్తాలు గజంబద్ద అనేవాళ్ళు, కొనేవాళ్ళు రెండు గజాలు చింపవయ్యా అంటే రెండు మీటర్లు చింపేవాళ్ళు. నేను ఆ కడ్డీ పక్కన పెరిగాను. గజం వేరు, మీటరు వేరు అని పరీక్షలో అడిగితే చెప్పగలను. నోటికి మాత్రం రెండూ ఒకటే. మామ గజాలు అని తెలుగులో అడగ్గానే నాకు తెలుగులో గజాలే వచ్చాయి. ఆయన ఇంగ్లీషులో అడిగుంటే ఆగి చూసేవాణ్ణేమో. ఆయన గజం ముత్తాత నాటిది, అసలైన గజం. నాది మా నాన్న కొట్లోది.

మూడు వందల ఎనభై మీటర్లంటే నాలుగు వందల పదిహేను గజాలు. వెంటనే కాగితం తీసి లెక్క వేశాను. గుండు ఆయన గురి కన్నా జానెడుకి కాస్త తక్కువ కిందికి పోయి ఉంటుంది. కుడికీ కాదు, ఎడమకీ కాదు. గుండెకి జానెడు కింద దున్నపోతుకి ఏముంటుంది? ముందు కాలు. ఆయన చేయి ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు.

చెప్పుల్లో కాళ్ళు పెట్టాను, ఆయన ఇంటికి వెళ్దామని. మళ్ళీ విప్పేశాను. దున్నపోతు ఎలాగూ చచ్చిపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. అది అబద్ధం. డార్విన్‌లో ఉన్న ఫిజీ వాళ్ళందరికీ ఆయన నన్ను చూపించి, ఈ కుర్రాడు లెక్కల్లో దిట్ట అని చెప్పుకున్నాడు. ఆ కుర్రాడు గజానికీ మీటరుకీ తేడా తెలియని వెధవ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. తరవాత ఆదివారం అనుకున్నాను. ఆదివారం వెళ్తే ఆయనే పప్పూ అన్నం పెట్టి, “నీ లెక్క బాగానే ఉన్నాది. నా సెయ్యే సెడ్డది,” అన్నాడు. తల దించుకుని తిన్నాను.

ఆ తరవాత ఆయన తన చేతిని నమ్మడం మానేశాడు. నలుగురిలో టీ తాగడం మానేశాడు. బస్సూ కారూ నడపడం మానేశాడు, ఎవరినైనా గుద్దేస్తానేమోనని. గడ్డం మంగలి చేత గీయించుకునేవాడు. ఎవరైనా వేట సంగతి ఎత్తితే, “సెయ్యి పోయాక బందూకు ముట్టకూడదు, నాను ముట్టి తప్పు సేసినాను,” అని అందరి ముందూ చెప్పేవాడు. అలా చెప్పిన ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను. డిసెంబరులో మాగ్నమ్ ఇచ్చేయడానికి నన్ను తోడు రమ్మన్నాడు. వెళ్ళాను. నా పట్టిక దాని మడమ మీద అలాగే ఉంది. దుకాణం అతను గోటితో టేపు లాగి, చుట్టి, బుట్టలో పడేశాడు.

జనవరి ఒకటిన ఏమీ జరగలేదు. కంప్యూటర్లు నడిచాయి, దీపాలు వెలిగాయి, ఆ తరవాత మమ్మల్ని చూసి నవ్వనివాడు లేడు. ఫిబ్రవరిలో కాంట్రాక్టు అయిపోయింది. సిడ్నీ వెళ్ళి వెస్ట్‌మీడ్‌లో ఐదుగురం ఒక ఫ్లాట్‌లో పడ్డాం. పొద్దున్నే పేపర్లో ప్రకటనలు చూడటం, మధ్యాహ్నం దాకా ఫోన్లు చేయడం. ఏజెంట్లు ముందు ఫోనెత్తేవాళ్ళు, తరవాత ఎత్తడం మానేశారు. అక్కడ ఖాళీగా కూర్చున్నప్పుడు ఆయన గుర్తొచ్చేవాడు. ఎదురింటి ఆసుపత్రి నర్సు నైట్‌డ్యూటీ చేసి వచ్చి కర్టెన్లు మూసుకునేది, ఆ కర్టెన్లు ఎన్ని గజాలుంటాయో అని బుర్రలో లెక్క నడిచేది. ఫోన్లో చెప్పేద్దామని రెండుసార్లు డయల్ చేసి పెట్టేశాను.

కొత్త పన్ను వస్తోందని బిల్లుల ప్రోగ్రాములు మార్చడానికి డార్విన్‌లో రెండు వారాల పని దొరికింది. పని కన్నా ఆయన కోసమే ఒప్పుకున్నాను. చెప్పేస్తే ఆయన చేతి మీద ఆయనకి నమ్మకం తిరిగొస్తుందని, తిరిగిరాకపోయినా కనీసం ముప్పయ్యేళ్ళ లెక్క చెడింది తన వల్ల కాదని తెలుస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇంత మంచి పని ఆలస్యంగానైనా చేస్తున్నానని కాస్త గర్వం కూడా ఉంది. దాచడమెందుకు.

శనివారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాను. వెనక వరండాలో కూర్చుని ఉన్నాడు. వేట తరవాతి ఎనిమిది నెలల్లో బాగా చిక్కిపోయాడు. ఇప్పుడు రెండు చేతులూ వణుకుతున్నాయి, ఒడిలో ఒకదాన్ని ఇంకొకదానితో పట్టుకుని కూర్చున్నాడు. టీ నేనే పెట్టి తెచ్చాను. కూర్చుని, ఆగకుండా మొత్తం చెప్పాను. యంత్రం, మీటర్లు, మా నాన్న గజంబద్ద, నాలుగు వందల పదిహేను. ఆయన కళ్ళు చిట్లించి వింటూ ఉన్నాడు.

“ఎంత కిందకి పోనాది?” అన్నాడు.

“జానెడుకి కాస్త తక్కువ.”

వణుకుతున్న చేతిని ఛాతీ మీద పెట్టి, అక్కడి నుంచి కిందికి వేళ్ళు చాచి కొలుచుకున్నాడు.

“కాలు.”

“అవును మామా. మీ చెయ్యి తప్పేం లేదు. ఆ రోజు మీ చెయ్యి అస్సలు కదల్లేదు, నేను చూశాను. తప్పంతా నాదే.”

ఆ మాట కోసమే నేను అంత దూరం వచ్చాను. ఆయన విన్నట్టే లేదు.

“నీకెప్పుడు తెలిసింది?”

“వచ్చిన మర్నాడే.”

కోపం వస్తుందని చూశాను. రాలేదు. వస్తే బాగుండేది.

“పొట్ట అనుకుని ఒగ్గేసి వచ్చినాను,” అన్నాడు. “రాత్రికి పోతాది కదా అని. కాలిరిగింది అంత వేగం సావదురా. మూడు కాళ్ళ మీద నిలబడి ఉంటాది. దూరం ఎల్లలేదు. ఆ నీళ్ళ పక్కనే తిరుగుతాది. వారం, పది దినాలు, పురుగు పడిందాకా. నువ్వు మర్నాడు సెప్పుంటే ఆ రోజే మళ్ళీ ఎల్దుం. దొరికేది. కచ్చితంగా దొరికేది.”

నాకు ఆ సంగతి తట్టనేలేదు. కాగితం మీద లెక్క వేసి కాలు అని రాసుకున్న రోజున కూడా, ఆ కాలు ఒక ప్రాణం మీద ఉందని, అది ఇంకా బతికుంటుందని నాకు తట్టలేదు. ఎనిమిది నెలలూ ఆయన గురించీ నా గురించీ మాత్రమే బాధపడ్డాను.

టీ చల్లారిపోయింది. ఆయన పెరట్లోకి చూస్తూనే అడిగాడు.

“ఆ పది దినాలు నువ్వేటి సేసినావు?”

ఆఫీసుకి వెళ్ళానని చెప్పాను. నిజంగా అంతకు మించి ఏమీ చేయలేదు.